దిద్దినవారి పేరు

వికారాబాదు,
12 జూన్ 1955.

తమ్ముడు పాండురంగానికి అక్క దీవెనలు.

ఇక్కడ మీ బావ కడుపు తప్ప అందరం బాగానే ఉన్నాం. గూడ్సు ఆఫీసులో ఎవరో పెట్టిన మిరపకాయ బజ్జీలు తిని ఆయన మజ్జిగన్నం మీద ఉన్నారు. అయినా స్టేషను దాకా వెళ్లి, తాండూరు ప్యాసింజరు గార్డు ఈరయ్య చేతిలో నా మూట పెట్టి, నీకే ఇవ్వమని మరీ మరీ చెప్పి వచ్చింది ఆయనే. ఈపాటికి విప్పే ఉంటావు. అందులో ఉన్నవి 'మిట్టచేను' నవల చివరి ప్రకరణాలు. వీటితో నీ 'కాగ్నా' పత్రికలో ఆ సీరియలు ముగుస్తుంది.

దారాల సంగతి నీకు కొత్త కాదు. నీ ప్రెస్సులో కొత్త కంపోజిటరు చేరాడని విన్నాను, అందుకే మళ్లీ రాస్తున్నాను. తెల్లదారం కుట్టింది ఉన్నదున్నట్టు అచ్చు కావాలి. ఎర్రదారం కుట్టింది తీసేయాలి. అతనికి ఈ మాట విడమర్చి చెప్పు. నువ్వు పత్రిక పెట్టిన కొత్తలో నేను సిరాతో దిద్దితే, రచయితలు నొచ్చుకుంటారని, ఆడమనిషి దిద్దిందని తెలిస్తే ఇంకా నొచ్చుకుంటారని నువ్వంటే కదా నేను సూదీదారం పట్టింది. అచ్చయ్యాక దారం లాగేస్తే ఆ కాగితం మీద నేనన్న మనిషి గుర్తే ఉండదు. అప్పట్లో అది మనిద్దరికీ నవ్వులాటగా ఉండేది.

ఈసారి ఎర్రదారం ముఖ్యం. ఈ నవల రాసిన మార్త నీకు తెలుసు, మా ఊరి ఆడపిల్లల బడిలో చిన్న తరగతుల టీచరు, బొంరాస్‌పేట పిల్ల. కూలికి పోయే ఇంట్లో పుట్టి మిషను బడిలో చదువుకుంది. ఆమె ముగింపు రెండు విధాలుగా రాసింది. నాగవ్వను వదిలేసి బండల గనుల దగ్గర ఇంకో సంసారం పెట్టుకున్న మొగుడు ఏళ్ల తర్వాత తిరిగి వస్తాడు కదా. మొదటి దాంట్లో నాగవ్వ వాడి కాళ్ల మీద పడుతుంది. రెండో దాంట్లో వాడికి వాకిట్లో అన్నం పెట్టి, "తిని పో, నాకు కలుపున్నది" అని కొడవలి తీసుకుని చేనుకు పోతుంది. మొదటిది ఎందుకు రాశావని మార్తను అడిగితే, పత్రికలవాళ్లకు అట్లా ఉంటేనే నచ్చుతుందేమో అనుకున్నానని చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం మా వాడకట్టు ఆడవాళ్లు కందిపప్పు ఏరుతుంటే రెండూ చదివాను. మొదటిది చదువుతుంటే వాళ్ల చేతులు చేటల్లో ఆడుతూనే ఉన్నాయి, మొగులమ్మ తన మేకకు వచ్చిన జబ్బు గురించి మొదలుపెట్టింది. రెండోది చదువుతుంటే ఒక్కొక్కరి చెయ్యే ఆగిపోయింది. పక్కింటి హన్మమ్మ, "గా ముద్ద వానికి ఎట్ల దిగిందో" అన్నది. నేను కందిపప్పు దగ్గర నవలలు దిద్దుతానని నువ్వు నవ్వుతావు. నవ్వు. నేను వాళ్లను తీర్పు అడగను, వాళ్ల చేతులు చూస్తాను. తీర్పు నాది.

కాబట్టి కాళ్ల మీద పడే ముగింపుకు ఎర్రదారం కుట్టాను. మరదలు అరుణాదేవిని అడిగానని చెప్పు.

మీ అక్క,
రాధమ్మ


తాండూరు,
20 జూన్ 1955.

అక్కకు పాండురంగం నమస్కరించి రాస్తున్నది.

మూట భద్రంగా చేరింది. బావగారికి వాము నీళ్లు తాగించు. ఇక్కడ వాన పడీ పడక ఊరిస్తున్నది, దాల్ మిల్లుల ధూళి ఇంకా అణగలేదు. కొత్త కంపోజిటరు పేరు భీమప్ప, సేడం వైపు మనిషి. కన్నడంలో గొణుక్కుంటూ పని చేస్తాడు గాని చేతి శుభ్రం చెప్పలేను. అతని కేసులో ఒక్క అక్షరం పక్క గడిలో పడి ఉండదు.

అసలు సంగతి. సెప్టెంబరులో ఇక్కడ రచయితల సభ పెడుతున్నాం. మా ఊరి వకీలు గారు అధ్యక్షులు. ఆ సభలోనే 'మిట్టచేను' పుస్తకంగా విడుదల చేద్దామని నా ఆలోచన. పత్రికతో పాటే నెలనెలా పుస్తకంలో కుట్టే అచ్చుకాగితాలు, ఫారాలు, కూడా అదనంగా వేయిస్తూ వచ్చాను, చివరి ఫారం అయితే బైండింగు తప్ప పని లేదు. సభకు ముందు వచ్చే ఒక సంచికలో 'తెలుగు నవలను పెంచినవారు' అని ఒక వ్యాసం రాయబోతున్నాను. నీకు అమ్మ పెట్టెలోని పాత పత్రికలన్నీ కంఠతా వచ్చు కదా, తోచిన నాలుగు మాటలు రాసి పంపు, అందులో కలుపుకుంటాను.

పోయిన నెల 'పాఠకమిత్ర' పేరుతో నువ్వు రాసిన విమర్శ చదివి, ఈయన ఎవరో కాశీలో చదివిన పండితుడై ఉండాలని వకీలు గారు అన్నారు. నేను మీసం మీద చెయ్యి వేసుకుని ఊరుకున్నాను. నువ్వు అక్కడ పొయ్యి దగ్గర కూర్చుని ఈ మాట చదివి నవ్వుతావని తెలుసు.

నీ తమ్ముడు,
పాండురంగం


వికారాబాదు,
3 ఆగస్టు 1955.

పాండురంగం,

పత్రిక అందింది. క్షేమం అడగను. ఇంత పని చేసిన మనిషి క్షేమంగానే ఉంటాడు.

చివరి పేజీ తిప్పగానే నాగవ్వ మొగుడి కాళ్ల మీద పడి కనిపించింది. పడటమే కాదు, కన్నీళ్లతో వాడి పాదధూళి కడిగింది. ఆ కన్నీళ్లు మార్త రాసింది కూడా కాదు. 'కాళ్ల మీద పడ్డది' అని రాసి ఆమె ఊరుకుంది. కన్నీళ్లు నువ్వు పోశావు. నేను కుట్టిన ఎర్రదారం నీకు కనబడలేదా, కనబడే లాగేశావా? తోలు సంచీకి కుట్టినట్టు రెండు వరసలు కుట్టాను. గుడ్డివాడి చేతికి కూడా తగులుతుంది.

ఆ మంట చల్లారక ముందే నీ వ్యాసం చదివాను. 'మన స్త్రీలు నవలకు ఆదరం గల చదువరులు. దానిని తూచి, దిద్ది, నిలబెట్టిన విమర్శకులూ సంపాదకులూ మాత్రం పురుషులే' అన్నావు. ఆ 'తూచి, దిద్ది, నిలబెట్టిన' అన్న మాటలు నేను జూన్‌లో నీకు రాసి పంపిన కాగితంలోవి. కోస్తా జిల్లాల్లో ఆడవాళ్లే నడిపిన పత్రికల గురించి రాశాను. రాత్రి దాకా వంట చేసి, తర్వాత దీపం దగ్గర ప్రూఫులు దిద్ది, మగవాళ్ల నవలల్లో ఆడపాత్ర అబద్ధం ఆడినచోట ఇది అబద్ధమని అచ్చులో చెప్పిన వాళ్ల గురించి రాశాను. ఆ పత్రికలు చదివే అమ్మ మనిద్దరికీ తెలుగు నేర్పింది. బడిలో అంతా ఉర్దూ ఉన్న రోజుల్లో నీకు తెలుగులో ఉత్తరం రాయడం వచ్చిందంటే వాటి పుణ్యమే. నువ్వు నా కాగితంలోంచి ఆడవాళ్లను తీసేసి, వాళ్ల మీద నేను వాడిన మాటలను మగవాళ్లకు తొడిగావు. నా మాటలు లోపలికి తీసుకుని నన్ను గడప బయట నిలబెట్టావు.

మార్త బడి దగ్గర నాకు ఎదురుపడి, నమస్కారం పెట్టి, ఆగకుండా పోయింది. ఆదివారం మా ఇంటికి రాలేదు. రెండేళ్లుగా రాని ఆదివారం లేదు. ఆ ముగింపు నేనే ఎంచానని అనుకుంటున్నది. ఆమెకు నేనేం చెప్పాలో నువ్వు చెప్పు.

రాధమ్మ


తాండూరు,
8 ఆగస్టు 1955.

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, నమ్మడం నమ్మకపోవడం నీ ఇష్టం.

భీమప్ప ఇదివరకు సేడంలో జిల్దుసాజు దగ్గర పుస్తకాలు కుట్టేవాడు. కుట్టు కనబడితే విప్పి, కాగితాలు సరిగ్గా పేర్చి, అప్పుడు పని మొదలుపెట్టడం అతని అలవాటు. నీ మూట ఇవ్వగానే మొదట చేసిన పని అది. తెల్లదీ ఎర్రదీ దారమంతా లాగి, ఒక పుల్లకు చుట్టి, పారేయడమెందుకని మీ మరదలికి ఇచ్చాడు. ఆమె ఆ ఎర్రదారంతో చిన్నవాడి చొక్కాకు గుండీలు కుట్టింది. వాడు ఆ చొక్కా వేసుకుని నా కళ్ల ముందే తిరుగుతున్నాడు, నాకు తట్టలేదు. భీమప్పకు ముందుగా చెప్పకపోవడం నా తప్పే. సభ పనుల్లో పరేషాన్‌గా ఉండి మరిచిపోయాను.

ఇక నా చేతిలో ఏ గుర్తూ లేని రెండు ముగింపులు మిగిలాయి. ఏది తీసేయాలో నీ ఉత్తరంలో రాశావన్నది కూడా ఆ హడావుడిలో నాకు గుర్తు రాలేదు. మర్నాడు పొద్దున ఫారం ఎక్కించాలి. ఆ సమయానికి ప్రెస్సులో వకీలు గారు, ఇంకొందరు మిత్రులు ఉంటే రెండూ చదివి వినిపించాను. అందరూ మొదటిదే హృదయానికి హత్తుకుంటుందన్నారు. కన్నీళ్ల వాక్యం వకీలు గారిది. చదువరుల నుంచి మెచ్చుకోలు ఉత్తరాలు కూడా వస్తున్నాయి.

నీ కోపం దేనికో నాకు అర్థమైంది. ఇన్నేళ్లు చేసిన పనికి నీ పేరు ఎక్కడా రాలేదని. న్యాయమే. పుస్తకం మొదట్లో 'సహకరించిన మా సోదరీమణి శ్రీమతి రాధమ్మ గారికి కృతజ్ఞతలు' అని వేస్తాను. ఇక కోపం పోగొట్టుకో.

నీ తమ్ముడు,
పాండురంగం


వికారాబాదు,
13 ఆగస్టు 1955.

పాండురంగం,

నీకు ఏమీ అర్థం కాలేదు. పేరే కావాలనుకుంటే మొదటి సంచికకే అడిగేదాన్ని. అప్పుడు నువ్వు కాదనగలిగేవాడివి కూడా కాదు, ఆ సంచికలో సగం నేనే రాశాను.

భీమప్ప దారం విప్పాడు, సరే. అతని చేతి అలవాటు అది, అతని మీద నాకు కోపం లేదు. రెండు ముగింపుల్లో ఒకదాన్ని ఎంచింది భీమప్ప కాదు కదా. గుర్తు పోయిందని తెలిశాక నా జూన్ ఉత్తరం మళ్లీ విప్పితే చాలు, అది దొరక్కపోతే నన్ను అడగడానికి ఒక కార్డు చాలు. తాండూరుకు వికారాబాదుకు మధ్య రోజూ రైలు తిరుగుతున్నది, గార్డు మనవాడే. రాసిన మనిషి ఇక్కడుంది, దిద్దిన మనిషి ఇక్కడుంది. మమ్మల్ని అడగాలని నీకు తోచలేదు. ప్రెస్సులో బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతున్న వకీలును అడగాలని తోచింది. ఆయన ఆ నవలలో ముందు ప్రకరణం ఒక్కటైనా చదివాడా? నాగవ్వ ఆ మిట్టచేను కౌలుకు తీసుకుని, రాళ్లు ఏరి, వానలు ఎగ్గొడితే కుండలతో నీళ్లు మోసి నిలబెట్టుకున్నదంతా చదివినవాడు ఎవడూ ఆమెను కాళ్ల మీద పడేయడు.

నిన్న సాయంత్రం నేనే మార్త గదికి వెళ్లాను. కూర్చోమన్నది, టీ పెట్టింది. ఎర్రదారం సంగతి మొత్తం చెప్పాను. అప్పుడు చెప్పింది అసలు మాట. నాగవ్వ ఎవరో కాదు, వాళ్ల అమ్మ దేవమ్మ. మొగుడికి అన్నం పెట్టి పొమ్మన్నది దేవమ్మే. ఇది నాకూ అప్పటిదాకా తెలియదు. నీ పత్రిక బొంరాస్‌పేటలో చాయ్ హోటలుకు వస్తుందట. అక్కడ ఎవడో చివరి భాగం పైకి చదివితే, సూడుండ్రి, దేవమ్మ ఆఖరికి కాళ్ల మీద పడ్డదని మగవాళ్లంతా నవ్వారట. మార్త మొన్న ఊరికి పోతే వాళ్ల అమ్మ ఆమెతో మాట్లాడలేదు.

మార్త నాతో అన్న మాట ఇది. "మా అవ్వ ఎవ్వల కాళ్ల మీద పడలేదమ్మా. కడుపు మాడ్చుకున్నది గని పడలేదు. బిడ్డె రాసి పడేసిందని అంటున్నరు."

నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి, కోపంతో వచ్చాయి. నువ్వు పోయించిన కన్నీళ్లు ఇవేనేమో చూసుకో.

ఆ పుస్తకం చివరి ఫారం చించేసి మళ్లీ అచ్చు వేయించు. మార్త ముగింపు మళ్లీ రాసి ఇచ్చింది, ఈ కవరులో పెట్టాను. మార్జిన్‌లో నా సంతకం సిరాతో పెట్టాను. ఎవరు నొచ్చుకుంటారో నొచ్చుకోనీ.

రాధమ్మ


తాండూరు,
24 ఆగస్టు 1955.

అక్కకు,

నువ్వు రాసినదంతా నిజమే కావచ్చు. దేవమ్మ సంగతి విని బాధపడ్డాను. కానీ నా ఇబ్బంది కూడా విను.

'కాగ్నా'లో వచ్చే నవలలన్నీ నేనే దిద్దుతానని ఈ ఊళ్లో అందరికీ తెలుసు. అంటే, అందరూ అలా అనుకుంటారు, నేను కాదనలేదు. సభకు ఆహ్వానాల మీద 'పాండురంగం గారు తీర్చిదిద్దిన నవల' అని అచ్చయింది. చివరి ప్రకరణం బాగుందని వకీలు గారు పది మందికి చెప్పుకున్నారు. ఇప్పుడు ముగింపు మారిస్తే, ఎందుకు మారిందంటే, ఎవరు మార్చారంటే, నేను మొహం ఎక్కడ పెట్టుకోవాలి? నీకు తమ్ముడి మర్యాద కంటే ఒక పేజీ ఎక్కువా?

అయినా నా తృప్తి కోసం మార్తకు నేరుగా ఉత్తరం రాశాను. పుస్తకం ఇలాగే వస్తే నీకు అభ్యంతరమా అని మర్యాదగానే అడిగాను. 'మీ ఇష్టం' అని జవాబు రాసింది. రచయిత్రే ఒప్పుకున్నాక మధ్యలో నీ పట్టుదల దేనికి? బైండింగు మొదలైంది.

పాండురంగం


వికారాబాదు,
28 ఆగస్టు 1955.

పాండురంగం,

పుట్టింట్లోనూ అత్తింట్లోనూ నేను 'మీ ఇష్టం' అన్నది నువ్వు ఎన్నోసార్లు విన్నావు. ఒక్కసారి కూడా అది నా ఇష్టం కాదు. బడి ఉద్యోగం చేసుకునే ఒంటరి పిల్లకు పత్రికాధిపతి ఉత్తరం రాసి అభ్యంతరమా అని అడిగితే ఇంకేం రాస్తుంది? ఆడవాళ్ల మాట చదవడం రానివాడివి నవలలు ఎట్లా అచ్చు వేస్తున్నావో నాకు తెలియదు. తెలియకపోవడమేం, నాకు తెలుసు, నేను చదివి ఇస్తే వేస్తున్నావు.

సభకు వస్తాను. మార్తా వస్తుంది. వేదిక మీద నాకు కుర్చీ అక్కర్లేదు, ఆడవాళ్ల వైపే కూర్చుంటాను.

రాధమ్మ


తాండూరు,
27 సెప్టెంబరు 1955.

అక్కకు,

సభ అయ్యాక మా ఇంటి గుమ్మం కూడా తొక్కకుండా రైలెక్కావు. అరుణాదేవి నీకోసం వండి రాత్రి దాకా ఎదురుచూసింది. సరే.

నువ్వు చేసిన పని ఏమిటో నీకు తెలుసా? పుస్తకం చేతికిచ్చి చివరి పేజీ చదవమని వకీలు గారు మార్తను పిలిచారు. ఆ పిల్ల వేదిక ఎక్కి, పుస్తకం తెరిచి, చదవకుండా నిలబడింది. అప్పుడు నువ్వు ఆడవాళ్ల మధ్యలోంచి లేచి, అంత మందిలో, "అది కాదు బిడ్డా, నువ్వు రాసింది చదువు" అన్నావు. ఆమె పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, చూడకుండానే చెప్పింది. వాకిట్లో అన్నం, కలుపు, కొడవలి, అంతా. నేను ఇన్ని సభలు పెట్టాను, అంత నిశ్శబ్దం ఎప్పుడూ రాలేదు, ఆ మాట దాచను.

కానీ నా పరిస్థితి చూడు. వకీలు గారు నిన్ను చూపించి, 'ఈమె ఎవరు?' అని నన్ను అడిగారు. 'మా అక్క. ఇంట్లో మనిషి, మీరేమీ అనుకోకండి' అని సర్దిచెప్పాను. నిన్ను కాపాడటానికే అన్నాను. అంతలో మార్త దిగుతూ నా ముందు ఆగి, "అయ్యా, గీ పుస్తకం నాది గాదు. దీని మీద నా పేరు తీసేయుండ్రి" అని అందరూ వినేటట్టు చెప్పి పోయింది.

కుట్టిన పుస్తకాలన్నీ ప్రెస్సులో కట్టలుగా పడి ఉన్నాయి. రచయిత్రి తనది కాదన్న పుస్తకాన్ని ఏం చేసుకోను? నీకు సంతోషమేనా?

పాండురంగం


వికారాబాదు,
2 అక్టోబరు 1955.

పాండురంగం,

సంతోషం లేదు. నువ్వు వకీలుకు చెప్పిన మాట నాకు వినబడింది. నేను రెండో వరసలోనే ఉన్నాను.

ఆయన నా చుట్టరికం అడగలేదు. ఈ నవల ముగింపు గురించి లేచి మాట్లాడే అధికారం ఈమెకు ఎక్కడిదని అడిగాడు. దానికి నీ దగ్గర జవాబు ఉంది. ఈ ప్రపంచంలో ఆ జవాబు తెలిసిన మగవాడివి నువ్వొక్కడివే, మీ బావ తప్ప. ఈ నవలను రెండేళ్లు వాక్యం వాక్యం దిద్దింది ఈమె అని చెప్తే సరిపోయేది. నువ్వు నోరు తెరిచావు కూడా. తెరిచి, 'ఇంట్లో మనిషి' అన్నావు. పిచ్చిదాన్ని సర్దినట్టు 'ఏమీ అనుకోకండి' అన్నావు. నాతో సభకు వచ్చిన హన్మమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. మీ గుమ్మం ఎందుకు తొక్కలేదని అడుగుతున్నావు.

నన్ను కాపాడానంటున్నావు. నువ్వు కాపాడుకున్నది నీ పేరును. రేపు ఎవరైనా మన ప్రాంతపు నవల చరిత్ర రాయాలని కూర్చుంటే నీ వ్యాసమే ముందు పెట్టుకుంటారు. ఆడవాళ్లు చదివేవారట, అంతేనట అని రాసుకుంటారు. అబద్ధం అచ్చులో ఉంటుంది, నిజం మా వంటింట్లో ఉంటుంది. నేను పోయాక నిజం కూడా పోతుంది. నీ మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు, తమ్ముడివి కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చింది.

ఇకమీద నీ పత్రికకు నేను ఏదీ చదవను. మూటలు పంపకు, ఈరయ్యకు చెప్పేశాను. 'పాఠకమిత్ర' కాలం చేశాడని మీ వకీలు గారికి చెప్పు. సంతాపం నువ్వే రాసుకో.

రాధమ్మ


తాండూరు,
9 జనవరి 1956.

అక్కకు నమస్కారాలు.

నువ్వు జవాబు రాయవని తెలిసే మూడు ఉత్తరాలు చించేశాను. ఇది పంపుతున్నాను.

ఈ మూడు నెలలూ వచ్చిన రాతప్రతులు నేనే చదివాను. దిద్దుదామని కూర్చుంటే ప్రతి వాక్యమూ బాగున్నట్టే ఉంటుంది, కాసేపటికి ప్రతి వాక్యమూ పనికిరానట్టు ఉంటుంది. ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియలేదు. ఉన్నవి ఉన్నట్టు వేశాను. పత్రికకు ఏమైందని చదువరులు రాస్తున్నారు. నేను దిద్దానని చెప్పుకుని తిరిగిన మాట తలచుకుంటే నాకే అసహ్యమేసింది. ఇది నీ మెప్పు కోసం రాయడం లేదు.

కట్టలన్నీ విప్పించి, చివరి ఫారం తీసేసి, మార్త రాసిన ముగింపు అచ్చు వేయించాను. వకీలు గారు ప్రెస్సుకు రావడం మానేశారు. మొదటి ప్రతి తీసుకుని, మార్తను అడిగి, బొంరాస్‌పేటకు నేనే పోయాను. దేవమ్మ నేనెవరో తెలిశాక లోపలికి రమ్మనలేదు. వాకిట్లో మంచం వేసింది. మార్త చివరి పేజీ చదివింది. దేవమ్మ విని, "గిట్లనే జరిగింది" అన్నది. తర్వాత నాకు అక్కడే అన్నం పెట్టింది. ఆ అన్నం తింటున్నంతసేపూ నేను తల ఎత్తలేకపోయాను. అక్కడ తిన్నానని ఇంట్లో ఇంకా చెప్పలేదు. చాయ్ హోటలుకు కూడా పోయి, ఆ పుస్తకం వాళ్ల బల్ల మీద పెట్టి, ముందు వచ్చింది తప్పు, తప్పు నాది అని చెప్పి వచ్చాను.

వచ్చే సంచికలో నా వ్యాసానికి సవరణ వేస్తాను. స్త్రీల పత్రికల గురించి నువ్వు రాసింది మొత్తం, నీ పేరుతోనే. పుస్తకం మొదటి పేజీకి ఒక వాక్యం రాశాను. 'ఈ నవలను తీర్చిదిద్దడంలో మా అక్కగారు శ్రీమతి రాధమ్మ ఎంతో సహాయపడ్డారు.' ఆ పేజీ ఒక్కటే అచ్చు కావలసి ఉంది. చూసి పంపు. దీంతో పాటు ఒక కొత్త నవల రాతప్రతి పంపుతున్నాను. చదవాలని అడిగే మొహం నాకు లేదు.

నీ తమ్ముడు,
పాండురంగం


వికారాబాదు,
15 జనవరి 1956.

తమ్ముడు పాండురంగానికి,

మీ బావ నీ ఉత్తరం రెండుసార్లు చదివి, నాకిచ్చి, ఏమీ అనకుండా బయటికి పోయారు. ఆయన మెచ్చుకున్నప్పుడు అలాగే చేస్తారు.

చాయ్ హోటలుకు పోయావు, మంచి పని చేశావు. దేవమ్మ ఇంట్లో తిన్నట్టు అరుణాదేవికి నువ్వే చెప్పు. ఇంకొకరి నోట విననివ్వకు.

నీ వాక్యం దిద్దాను. 'మా అక్కగారు' తీసేశాను. నీకు అక్కను, పుస్తకానికి కాదు. 'శ్రీమతి' తీసేశాను, నేను మీ బావ భార్యనై ఆ పని చేయలేదు. ఇక 'సహాయపడ్డారు'. ఆ మాట దగ్గర నాకు మళ్లీ ఒళ్లు మండింది. నువ్వు చేస్తున్న పనిలో నేనొక చెయ్యి వేస్తే దాన్ని సహాయమంటారు. ఆ పని నువ్వు చేయడం లేదు, ఎన్నడూ చేయలేదు. నువ్వు ఎంత మంచి మనసుతో రాసినా నీ కలం ఆ మాట దగ్గరికే పోయింది చూడు. ఇన్నేళ్లూ అందరి కలాలూ అక్కడికే పోయాయి, అందుకే మా పేర్లు ఎక్కడా లేవు. 'ఎంతో' కూడా తీసేశాను.

నువ్వు రాసిన దాంట్లో ఇంకేమీ మిగల్లేదు, అందుకని నేనే రాశాను. మార్తకు చూపిస్తే ఒప్పుకుంది.

'రచన: మార్త. సంపాదకురాలు: రాధమ్మ.'

ఇలాగే అచ్చు వేయించి, ఆ పేజీ నాకు పంపు. అది చూశాక నీ కొత్త రాతప్రతి విప్పుతాను.

రాధమ్మ